నసారియా ఏరిన దుంపలు

కొండమీది కొల్పపంపలో పుట్టిన ఆడదానికి బంగాళాదుంపని దూరం నుంచి చూపించి మంచిదా చెడ్డదా అని అడిగితే ఒళ్ళు మండుతుంది. అడిగేవాళ్ళు ముందు చేతికివ్వాలి. నసారియా ఒచాంతేకి చేతికివ్వడం కూడా అక్కర్లేదు. బుట్టలోంచి జారి గచ్చుమీద దొర్లుతుంటే ఆ చప్పుడుకే చెప్పేది, లోపల పురుగుందో లేదో. గొప్పకి చెప్పే మాట కాదిది, చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఆవిడ మూడో తరగతి దాకా చదివింది. నాలుగో తరగతికి పోవాలంటే రెండు కొండలు దాటాలి. ఆ ఏడే తండ్రి కాలు విరిగింది, చదువు అక్కడితో సరి. పద్నాలుగో ఏట ఉరుమార్కా పట్నానికొచ్చి ఒక నోటరీగారింట్లో వంటకి కుదిరింది. ఆ ఇంటావిడ దుంప తొక్కని వేలు మందాన చెక్కి పారేస్తుంటే చూడలేక మూడేళ్ళు దెబ్బలాడి మానేసింది. విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విభాగం గోదాము ఊడవడానికి మనిషి కావాలంటే వెళ్ళింది. ఊడవడానికి వెళ్ళిన మనిషి వారం తిరక్కుండా విత్తనపు దుంపలు ఏరడం మొదలుపెట్టింది. ఎవరూ ఏరమనలేదు, వద్దని కూడా అనలేదు. అనాలంటే వాళ్ళకి తేడా తెలియాలి కదా. అలా ముప్పై ఎనిమిదేళ్ళు గడిచాయి. ఈలోగా పెళ్ళయింది, మొగుడు పోయాడు, ఒక కూతురు రాజధాని లీమాలో నర్సయింది. గోదాము మాత్రం గోదాములాగే ఉంది.

కొల్పపంపలో ఊరుమ్మడి చేను ఒకటుంది. అందులో పండింది పండగలకీ, దిక్కులేనివాళ్ళకీ. ఆ చేనుకి విత్తనం ఏరే పని ప్రతి సెప్టెంబరులోనూ ఒక్క ఆడదానికే అప్పజెబుతారు. ఆమె ఏది పక్కన పెడితే అది పక్కనే, ఎంతటి పెద్దమనిషి దుంపైనా నోరెత్తకూడదు. పందొమ్మిదేళ్ళుగా ఆ పని నసారియాది. పట్నం నుంచి లారీ మీద పిలిపించుకునేవాళ్ళు. ఆవిడ జీవితంలో ఎవరైనా కుర్చీ వేసి కూర్చోబెట్టిన రోజంటూ ఉంటే అదే. నిజానికి కుర్చీ కాదు, గొర్రెతోలు పరిచేవాళ్ళు.

నాలుగేళ్ళ కిందట విశ్వవిద్యాలయానికి కృత్రిమ మేధ వచ్చింది. ఏ విభాగం ఏ పరిశోధన చేసినా దాన్ని వాడి తీరాలని పైనుంచి కాగితం వచ్చేసరికి అందరికీ ఒకేసారి అవసరం పుట్టుకొచ్చింది. పురావస్తు విభాగం వాళ్ళు కుండపెంకులు మోసుకొచ్చారు, ఏ పెంకు ఏ కాలానిదో చెప్పాలట. వైద్యం వాళ్ళు లోయల్లో మనుషులకొచ్చే పుండ్ల ఫొటోలు తెచ్చారు. భాషలవాళ్ళు ముసలివాళ్ళు కొండభాష క్వెచువాలో చెప్పిన కథల రికార్డింగులు పట్టుకొచ్చారు. పాత పలుకేదో కొత్త పలుకేదో వాళ్ళకి కావాలి. ఇందరికీ కలిపి గ్రంథాలయం చివర ఒక గది, ఆ గదిలో ఒకే ఒక్క మనిషి, యోనెల్ కార్దెనాస్. కంప్యూటర్లు చదివిన ఇంజినీరు. ముప్పై అయిదేళ్ళుంటాయి, పెళ్ళికాలేదు, మధ్యాహ్నం అన్నం మర్చిపోయే రకం. పెంకులూ పుండ్లూ కథలూ దుంపలూ అన్నీ ఆయన దగ్గరికే. డాక్టరు దగ్గర క్యూ కట్టినట్టు పెద్దపెద్ద ప్రొఫెసర్లు ఆ గది బయట నిలబడేవాళ్ళు. ఆ యంత్రాన్ని ఆవరణలో అందరూ "తెలివి" అనేవాళ్ళు. "తెలివి ఏమంది?" "తెలివి ఇంకా పలకలేదు." తెలివైనవాళ్ళే అలా అడుక్కుంటుంటే గేటు దగ్గర వేడి కషాయం అమ్మే ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

వ్యవసాయ విభాగానికి పెద్ద డాక్టర్ బెర్రోకాల్. రోగాల డాక్టరు కాదు, పైచదువు డాక్టరు. బ్రెజిల్లో చదివొచ్చాడు, ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండా చూసుకునేవాడు. ఆయన ఆలోచన మటుకు మంచిదే, కాదనకూడదు. ఫోనుతో ఫొటో తీస్తే చాలు, అది మంచి విత్తనమో, గజ్జి పట్టిందో, కుళ్ళిందో, పురుగు తొలిచిందో ఫోనే చెప్పేయాలి. కొండమీది ఊళ్ళకి నిపుణులు వెళ్ళలేరు, ఫోను వెళ్తుంది.

"అంటే నేను వెళ్ళలేనా?" అంది నసారియా.

"ఎన్ని ఊళ్ళు తిరుగుతావు, దోన్యా నసారియా?" అన్నాడాయన. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళని మర్యాదకి దోన్యా అంటారు.

"పిలిస్తే తిరుగుతాను డాక్టరుగారూ. ఇన్నేళ్ళలో ఎవరైనా పిలిచారా?"

ఆయన గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. యోనెలే గోదాములోకొచ్చి ఒక బస్తా మీద కూర్చుని వివరంగా చెప్పాడు.

"యంత్రానికి మొదట ఏమీ తెలీదు, దోన్యా. మీరు ఇది మంచిది, ఇది చెడ్డది అని వేలకొద్దీ చూపించాలి. చూసి చూసి అదే నేర్చుకుంటుంది."

"కొత్త కోడలికి నేర్పినట్టన్నమాట."

"అలాగే అనుకోండి."

"కోడలికి పది చూపిస్తే పట్టుకుంటుంది. వేలు కావాలంటే ఇది మొద్దు కోడలే."

"మొద్దే. కానీ ఒకసారి నేర్చుకుంటే అలిసిపోదు, పుట్టింటికి పోదు."

ఆ మాటకి నసారియా నవ్వింది. నవ్వినందుకు పని ఒప్పుకున్నట్టయింది.

ఫొటోలు తీసే పని లిసెత్ అనే విద్యార్థినిది. ఆ ఫొటోల మీదే ఆమె పట్టా పరిశోధన ఆధారపడి ఉంది. గోడకి ఒక కాగితం అంటించారు: ప్రతి దుంపనీ తెల్ల పలక మీద పెట్టి ఫొటో తీయాలి. పలక కూడా ఇచ్చారు, నున్నగా, బల్లంత వెడల్పున. మొదటి రోజు లిసెత్ మంచి విత్తనపు దుంపొకటి తీసి ఆ చల్లటి పలక మీద టక్కున పెట్టింది.

నసారియా దాన్ని లాక్కుంది. "పసిబిడ్డని గచ్చుమీద పడుకోబెడతావా?"

"కాగితంలో అలాగే రాశారు అత్తా."

"కాగితం దుంపని కన్నదా?"

కొల్పపంపలో విత్తనపు దుంపని తవ్వి తీసిన దగ్గర్నుంచి మళ్ళీ మట్టిలో పెట్టేదాకా ఉత్త నేలకీ బల్లకీ తగలనివ్వరు. ఆడవాళ్ళు బిడ్డల్ని వీపున కట్టుకునే నేతగుడ్డ, మాంతా, దాని మీదే పరుస్తారు. అలా చెయ్యకపోతే దుంప అలిగిపోతుంది, మరుసటేడు మొలకెత్తదు. నమ్మేవాళ్ళు నమ్ముతారు. నమ్మనివాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవని మాంతా పరిచేస్తారు. నసారియా తన వీపున ఉన్న ఎర్రచారల మాంతా విప్పి బల్లమీద పరిచింది. రోగపు దుంపలకి మాంతా ఎందుకు? వాటి కింద చింపిన ఎరువు సంచి వేసింది. తెల్ల పలకని నీళ్ళ పీపా మీద మూతగా పెట్టింది, బాగా అమిరింది.

లిసెత్ గోడ మీది కాగితం వంక చూసింది, మాంతా వంక చూసింది, నోరు మూసుకుని ఫొటోలు తీసింది. మంచి పిల్ల, కాకపోతే పెద్దవాళ్ళకి ఎదురు చెప్పడం రాదు. మూడు పంటలు అలాగే గడిచాయి. పదకొండు వేల దుంపల పైచిలుకు. ఒక్కో దుంపనీ నసారియా బొటనవేలితో నొక్కి, కళ్ళలాంటి మొలక గుంటల్ని చూసి, వాసన చూసి మాట చెప్పేది. లిసెత్ ఆ మాట రాసుకుని ఫొటో తీసేది. చివరికి గోదాములో పరీక్ష పెడితే తెలివి నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెప్పింది. డాక్టర్ బెర్రోకాల్ కొత్త టై కట్టుకుని పత్రికకి ఫొటో దిగాడు. చేతిలో ఉన్న దుంపని తలకిందులుగా పట్టుకున్నాడు, అది వేరే సంగతి.

ఆగస్టులో ఊళ్ళో పరీక్ష కొల్పపంపలోనే పెట్టారు. అది నసారియా పుట్టిన ఊరని కాదు, ఆ చుట్టుపక్కల విత్తనానికి పేరున్న ఊరని. నసారియాని తీసుకెళ్ళలేదు. "యంత్రం ఉందిగా, నువ్వెందుకు?" అన్నాడు డాక్టరు. బడి ఆవరణలో మట్టి కాకుండా ఉంటుందని ఎరువు సంచులు పరిపించాడు. ఆయన హడావిడికి, మాంతాలు పరిచే ఆడవాళ్ళు ఇంకా మేకలు తోలుకుని రాకముందే మగవాళ్ళు దుంపలు తెచ్చి సంచుల మీద కుమ్మరించారు.

ఆ తర్వాత జరిగింది నసారియాకి వదిన ఫెలీసితాస్ నోటి ద్వారా తెలిసింది. సోమవారం లారీ దిగి సరాసరి గోదాముకొచ్చింది ఫెలీసితాస్. టోపీ తియ్యలేదు.

"కూర్చో వదినా. ఉడికించిన మొక్కజొన్న ఉంది, తిందువుగాని."

"కూర్చోడానికి రాలేదు, తినడానికి అసలే రాలేదు. మా దుంపకి గజ్జట. కోడల్ని ఏడిపించే దుంపకి ఎండు కుళ్ళట." బొడిపెలు బొడిపెలుగా ఉండి తొక్క తీయబోయిన కొత్తకోడళ్ళకి చుక్కలు చూపించే దుంప అది, ఆ ఊరికి ప్రాణం. "పదింట తొమ్మిది రోగమేనట, ఈ ఏడు మా విత్తనం వెయ్యకూడదట. మైకులో చెప్పాడు మీ డాక్టరు. ఆరు ఊళ్ళవాళ్ళు వింటుండగా."

"మైకులోనా?"

"దీనికి ఎవరు నేర్పారయ్యా అని మన ఊరి ప్రెసిడెంటు అడిగాడు. మీ ఊరి ఆడపడుచే, నసారియా ఒచాంతే అన్నాడు. నీ పేరు కూడా మైకులోనే పలికింది, సంతోషించు."

"నేను నేర్పింది సరిగ్గానే నేర్పాను వదినా."

"అయితే మా దుంపకి రోగమున్నట్టు."

"ఉంటే నీ మొహం మీద చెప్పనా? ఎప్పుడు దాచాను?"

"ఏమో తల్లీ. ముప్పై ఎనిమిదేళ్ళు బల్లల మధ్య తిరిగావు, కళ్ళు మారిపోయాయేమో. ఒక్కటి చెప్పిపోదామని వచ్చాను. ఈ సెప్టెంబరు చేను విత్తనానికి నువ్వు రానక్కర్లేదు. మార్సెలీనా ఏరుతుంది."

"మార్సెలీనాకి చూపానదు!"

"చూపానకపోయినా, ఊరి పరువు మైకులో తీయదు."

ఫెలీసితాస్ వెళ్ళిపోయింది. నసారియా ఉడికిన మొక్కజొన్న గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. సెప్టెంబరు రావడానికి మూడు వారాలుంది.

కథ అక్కడితో ఆగలేదు. ఊరివాళ్ళు ఊరికే కూర్చునే రకం కాదు కాబట్టి డాక్టరు కళ్ళముందే నలభై దుంపలు కోసి చూపించారు. ముత్యాల్లాంటి దుంపలు, ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు. యంత్రం తప్పు చెప్పిందని తేలిపోయింది. ఇక తప్పెవరిది? బ్రెజిల్లో చదివొచ్చినవాళ్ళది కాదుగా.

"ఏరడంలోనే ఉంది లోపం," అన్నాడు డాక్టర్ బెర్రోకాల్, గోదాము గుమ్మంలో నిలబడి, నసారియా వింటుండగానే యోనెల్‌తో. "మూడో తరగతి చదువుతో పదకొండు వేల దుంపలకి తీర్పు చెప్పించాం. మన పొరపాటే. గురువారం సమావేశంలో తీర్మానం చేద్దాం. కూస్కో నగరం నుంచి నిపుణుల్ని పిలిచి మొత్తం మళ్ళీ ఏరిద్దాం. దోన్యా నసారియా తన పాత పని చూసుకుంటుంది."

"పాత పనంటే చీపురా డాక్టరుగారూ?" అంది నసారియా.

"గౌరవమైన పనే కదా."

"గౌరవమైనదే. మీరెప్పుడైనా పట్టుకున్నారా?"

ఇటు ఊరు నమ్మడం మానేసింది, అటు గోదాము నమ్మడం మానేసింది. ఒకే వారంలో రెండూ. దుంప తెలియనిదన్న మాట ఆవిడని అంతకుముందు ఎవరూ అనలేదు. మొగుడు బతికున్న రోజుల్లో, తాగిన రాత్రి కూడా, అనలేదు.

మర్నాడు పొద్దున యోనెల్ ఒళ్ళో పట్టే కంప్యూటరుతో వచ్చాడు. గోదాము ఫొటోల్లోనే యంత్రం పొరబడినవి కొన్ని ఉన్నాయి, రెండు వందల ఆరు. "ఒక్కసారి చూడండి దోన్యా. చెయ్యి ఎక్కడ తప్పిందో మీకే తెలుస్తుంది," అన్నాడు. మంచితనంతోనే అన్నాడు, అయినా గుచ్చుకుంది.

"ఇది మంచి దుంప," అంది నసారియా మొదటిది చూసి.

"యంత్రం రోగమంది."

"అంటుంది. ఇదీ మంచిదే. ఇదీ. ఇదీ. ఈ నల్లది నాకు గుర్తు కూడా ఉంది, పక్కన రెండు మొలకలు, కవల పిల్లల్లాగ."

ముప్పై దాకా అలా చూసి ఆగింది. కంప్యూటరుకి మొహం దగ్గరగా పెట్టింది. చూస్తున్నది దుంపని కాదు.

"ఇవి అన్నీ ఒకే వారంలో తీసినవి," అంది.

యోనెల్ తేదీలు చూశాడు. నిజమే, పోయిన ఏడు జూన్ రెండో వారం. "మీకెలా తెలిసింది?"

"కింద ఎరువు సంచి చూడు. ఆ వారం నా మాంతా చెల్లెలి కూతురికిచ్చాను, పురిటి బిడ్డని ఊరికి తీసుకుపోతానంటే. మంచి దుంపల్ని సంచి మీద పెట్టాల్సొచ్చింది. ఒక్కోదానికీ క్షమాపణ చెప్పుకుని మరీ పెట్టాను. లిసెత్‌ని అడుగు, నవ్వింది కూడా."

యోనెల్ కంప్యూటరు తనవైపు తిప్పుకున్నాడు. కాసేపు ఫొటోలు ఒకటొకటిగా జరిపాడు. మాంతా, మంచిది. మాంతా, మంచిది. సంచి, రోగం. మాంతా మీద పొరపాటున తీసిన పురుగు దుంపొకటి ఉంది, దాన్ని యంత్రం మంచిదంది.

"దోన్యా," అన్నాడు నెమ్మదిగా, "ఇది దుంపని చూడనే లేదు. గుడ్డని చూసింది."

"మూడు పంటలూ?"

"మూడు పంటలూ. కొల్పపంపలో పరిచినవీ ఎరువు సంచులే. గోడ మీద రాశాం కదా... తెల్ల పలక ఏదీ?"

"నీళ్ళ పీపా మీద ఉంది."

లిసెత్ అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది. "అత్తా, ఈ సంగతి బయటికొస్తే నా పరిశోధన పోతుంది. చెప్పకండి అత్తా. ఏరడంలో తప్పంటే మీకేం, పదవీ పట్టానా పోయేది?"

"నాకేమా?" అంది నసారియా.

కానీ ఆ రోజంతా ఆవిడ కూడా ఆలోచించింది. ఊరుకుంటే దుంప తెలియనిదవుతుంది. నోరు విప్పితే మాట విననిదవుతుంది. కాగితం గోడ మీదుండగా, పెద్దవాళ్ళిచ్చిన పలకని పీపా మూత చేసి, మూడేళ్ళ పని బూడిదలో పోసింది తనే అని తనే ఒప్పుకోవాలి. ఒకరి ముందు తప్పు ఒప్పుకున్న అలవాటు ఆవిడకి లేదు. నోటరీగారి పెళ్ళాం ముందు కూడా ఒప్పుకోలేదు. కషాయం తాగింది, మాంతా మడిచింది, విప్పింది. చీకటి పడేముందు లిసెత్‌ని పిలిచి, "పలక తీసింది నేను. నువ్వు వద్దన్నా వినలేదు. అడిగితే అలాగే చెప్పు," అంది.

"నేను వద్దనలేదు కదా అత్తా."

"అనాల్సింది. ఇప్పుడు అన్నట్టే."

గురువారం సమావేశానికి విభాగంలోని ఇంజినీర్లందరూ వచ్చారు. నసారియా పిలవకుండానే వచ్చింది. ఒక చేతిలో బుట్ట, వీపున మాంతా. డాక్టర్ బెర్రోకాల్ కాగితం తీసి చదవబోయేలోగా ముందుకెళ్ళి ఆయన బల్లమీదే మాంతా పరిచింది, పక్కన ఎరువు సంచి పరిచింది.

"ఇదేమిటి?"

"పరీక్ష. ఫోను తీయి యోనెల్."

బుట్టలోంచి ఒక దుంప తీసింది. కంపు కొడుతోంది, ముందు వరసలో వాళ్ళు ముక్కు మూసుకున్నారు. దాన్ని మాంతా మీద పెట్టింది, పెట్టేటప్పుడు మాత్రం మొహం తిప్పుకుంది. యోనెల్ ఫొటో తీసి చదివాడు: "ఆరోగ్యమైన విత్తనం. నూటికి తొంభై ఏడు పాళ్ళు నమ్మకం."

మంచి దుంప తీసి సంచి మీద పెట్టింది. "గజ్జి. తొంభై ఒకటి."

నసారియా తలమీద టోపీ తీసి మాంతా మీద పెట్టింది. యోనెల్ మొహం ఎర్రబడింది. "ఆరోగ్యమైన విత్తనం. తొంభై నాలుగు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"డాక్టరుగారూ, మీ చెయ్యి ఒకసారి ఆ సంచి మీద పెట్టండి," అంది నసారియా.

"నేనా?"

"భయమెందుకు? కొరకదు."

అందరూ చూస్తుంటే పెట్టక తప్పలేదు. యోనెల్ ఫొటో తీసి చదవకుండా ఊరుకున్నాడు.

"చదవవయ్యా."

"ఎండు కుళ్ళు. ఎనభై ఎనిమిది."

ఆ నవ్వు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తగ్గాక నసారియా చెప్పాల్సింది చెప్పింది. కాగితంలో తెల్ల పలకని రాసుంది. తను పలక వాడలేదు. విత్తనాన్ని ఉత్త బల్లమీద పెట్టడం మనసొప్పక మాంతా పరిచింది, రోగపువాటికి సంచి వేసింది. లిసెత్ చెప్పినా వినలేదు. "తప్పు నాది. రాసుకోండి, నా పేరు పక్కనే రాసుకోండి. కానీ ఏరడంలో తప్పని మాత్రం రాయకండి. పదకొండు వేలల్లో ఏదైనా తీసి కొయ్యండి. నా మాటకీ లోపలికీ తేడా వస్తే చీపురే కాదు, మీ బూట్లు కూడా తుడుస్తాను."

గోదాములో మిగిలినవాటిలోంచి వంద కోశారు. తొంభై తొమ్మిది ఆవిడ చెప్పినట్టే ఉన్నాయి. మిగిలినదాని మీద ఇద్దరు ఇంజినీర్లు అరగంట వాదించుకుని తేల్చుకోలేకపోయారు.

ఆ మధ్యాహ్నం యోనెల్‌కి అన్నం సయించలేదు, ఈసారి మర్చిపోయి కాదు. దుంపల విషయంలో జరిగింది మిగతావాటిలో జరగలేదని నమ్మకమేమిటి? నసారియాని వెంటబెట్టుకుని విభాగం విభాగం తిరిగాడు. ఆవిడ ఎక్కడికెళ్ళినా ఒకే ప్రశ్న అడిగింది: "దీన్ని ఎక్కడ పెట్టి తీశారు?" వైద్యంవాళ్ళ పుండ్ల ఫొటోలన్నీ లోయలోని ఆరోగ్య కేంద్రంలో ఆకుపచ్చ దుప్పటి మీద తీసినవి. పుండు లేనివాళ్ళవి పట్నంలో, తెల్ల దుప్పటి మీద. వాళ్ళ డాక్టరమ్మ తల పట్టుకుంది. భాషల విభాగంలో రికార్డింగులు పెట్టి వినిపించారు. నసారియా కళ్ళు మూసుకుని వింది.

"ముసలివాళ్ళ దాంట్లో అన్నింట్లోనూ కోడి కూస్తోంది," అంది.

"వాళ్ళ పెరట్లో రికార్డు చేశాం కదండీ."

"కుర్రవాళ్ళ దాంట్లో కోడి లేదు. మీ యంత్రం విన్నది పాత పలుకు కాదమ్మా, కోడిని."

భాషల ప్రొఫెసరుగారు ముందు కోప్పడింది, తర్వాత కోడి కూత లేకుండా చేసి పరీక్షిస్తే ఊరుకుంది. కుండపెంకులవాళ్ళది మాత్రం బాగానే ఉంది. వాళ్ళ దగ్గర ముందే ఒక చాదస్తపు ముసలాయన ఉన్నాడు, ప్రతి పెంకునీ ఒకే బల్లమీద ఒకే వెలుగులో పెట్టించేవాడు. నసారియాకి ఆయన నచ్చాడు.

ఇవన్నీ అయ్యేసరికి సెప్టెంబరు మొదటి వారం. డాక్టర్ బెర్రోకాల్ గోదాముకొచ్చి, ఈసారి లోపలికే వచ్చి, ఫొటోలు మళ్ళీ మొదలుపెట్టాలన్నాడు. తెల్ల పలక మీద.

"పలక మీద పెట్టను," అంది నసారియా.

"మళ్ళీ అదే గొడవా!"

"మంచివీ రోగపువీ అన్నీ మాంతా మీదే పెడతాను. యంత్రానికి తేడా గుడ్డలో దొరకదు. యోనెల్‌ని అడిగాను, సరిపోతుందన్నాడు. సంచులూ చాపలూ కూడా మార్చిమార్చి వేస్తే ఇంకా మంచిదన్నాడు. రోగపుదాన్ని మాంతా మీద పెట్టడం నాకు మనసొప్పదు, అయినా పెడతాను. దానికి ముందు మీరొక పని చెయ్యాలి."

"ఏమిటి?"

"కొల్పపంప వెళ్ళి చెప్పాలి, వాళ్ళ దుంపకి రోగం లేదని, నేను తప్పు నేర్పలేదని."

"ఉత్తరం పంపుతాను. ముద్ర వేసి మరీ పంపుతాను."

"మైకులో అన్నమాటకి ఉత్తరమా? అప్పుడు ఉత్తరం పంపి ఊరుకుంటే ఎంత బాగుండేది! నోటితో అన్నారు, నోటితోనే చెప్పండి. చెప్పేదాకా నేను ఒక్క దుంప ముట్టను. కూస్కో నిపుణుల్ని పిలిపించుకోండి, వాళ్ళని ఏ వంటమనిషో పరీక్ష పెట్టి చూస్తుంది."

డాక్టరు రెండు రోజులు బిగదీసుకున్నాడు. ఆ రెండు రోజులూ నసారియా గోదాము ఊడ్చింది, ఊడ్చిందే ఊడ్చింది. బుట్టల వంక కూడా చూడలేదు. మూడోరోజు జీపు సిద్ధం చేయించాడు.

ఆదివారం బడి ఆవరణలో ఊరంతా పోగయింది. మైకు ఉంది. డాక్టర్ బెర్రోకాల్ స్పానిష్‌లో, పెద్దపెద్ద మాటలతో మొదలుపెట్టాడు. సాంకేతిక కారణాలు అన్నాడు, నేపథ్యం అన్నాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఫెలీసితాస్ లేచింది. "డాక్టరుగారూ, మా దుంపకి రోగమని చెప్పినరోజు ఒక్క ముక్కలో చెప్పారు. ఇవాళ ఇంత పొడుగెందుకు?"

"క్వెచువాలో చెప్పండి," అంది ఇంకొకావిడ వెనకనుంచి. "మీ అమ్మమ్మ క్వెచువాలోనే తిట్టేదట కదా, మాకు తెలుసులెండి."

ఆయన టై సవరించుకున్నాడు. క్వెచువా వచ్చుగానీ చిన్నప్పటిది, వంటింటి క్వెచువా. ఆ భాషలో పెద్ద మాటలు లేవు కాబట్టి చిన్న మాటలే చెప్పాల్సొచ్చింది. "మీ దుంప మంచిది. యంత్రం గుడ్డని చూసింది, దుంపని చూడలేదు. నేను కూడా చూడకుండానే మాట్లాడాను. నసారియా ఏరింది సరిగ్గానే ఏరింది."

"ఇంకోసారి," అంది ఫెలీసితాస్. "చివరిది."

"నసారియా ఏరింది సరిగ్గానే ఏరింది."

నసారియా అంతసేపూ గోడవారన నిలబడే ఉంది. ఎవరూ వచ్చి కావలించుకోలేదు, ఆ ఊళ్ళో అలాంటివి లేవు. మార్సెలీనా మాత్రం వచ్చి, "నాకు కళ్ళు లాగుతున్నాయే, పొద్దుట్నుంచీ సగం బుట్ట కూడా కాలేదు," అంది విసుగ్గా. చేను విత్తనం అప్పటికే ఆవరణ చివర మాంతాల మీద పోసి ఉంది. ఫెలీసితాస్ గొర్రెతోలు తెచ్చి పరిచింది.

నసారియా కూర్చుంది. టోపీ వెనక్కి జరుపుకుని మొదటి దుంప తీసింది, నొక్కింది, పక్కన పెట్టింది. పదోది, ఇరవయ్యోది. చుట్టూ ఆడవాళ్ళు చేరి చూస్తున్నారు. డాక్టరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు, ఫోను జేబులోనే ఉంది.

నసారియా ఒక దుంపని రెండుసార్లు తిప్పింది, వాసన చూసింది, ఎడంపక్కకి తోసింది. దాని పక్కన ఇంకొకటి తోసింది.

"ఆ రెండూ ఎవరివి?" అని అడిగింది ఫెలీసితాస్, తనవి కావన్న ధైర్యంతో.

"నీవే వదినా. పురుగుంది."

ఫెలీసితాస్ మొహం మాడిపోయింది. కత్తి తెచ్చి అక్కడికక్కడే కోసింది. రెండింట్లోనూ తెల్లటి పురుగు బద్ధకంగా మెలికలు తిరుగుతోంది. ఫెలీసితాస్ ముక్కల్ని గొర్రెల వైపు విసిరేసి, ఇంటికెళ్ళి మిగతా విత్తనమంతా ఇంకో బుట్టలో ఎత్తుకొచ్చి నసారియా ముందు దించింది.